సముద్రం తెరిచిన పొద్దు

మా అన్న పోయిన రోజున సముద్రం ఏడ్చిందని నేను చాలామందికి చెప్పాను. సూళ్లూరుపేట టీ అంగట్లో ఒకసారి, తడ బస్టాండులో ఒకసారి, కళ్లు చూపించుకోవడానికి తిరుపతి పోయినప్పుడు ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషికి ఒకసారి. తాటిచెట్టంత అలలు లేచాయనీ, నురగ ఎగిరొచ్చి మా వీధిలో పడిందనీ చెప్పాను. ఆ మనిషి కళ్లు తుడుచుకున్నాడు. కంటి జబ్బు వల్ల కూడా కావచ్చు.

సముద్రం ఏడవలేదు. అంత నిమ్మళంగా ఉన్న నీటిని నేను ఎక్కువసార్లు చూడలేదు. గాలి లేదు. అల ఒడ్డుకు వచ్చి, పిల్లి పాలు తాగినంత చప్పుడు చేసి వెనక్కి పోతోంది. వేటకు అంతకంటే మంచి రోజు దొరకదు. చిక్కు అక్కడే వచ్చింది.

మాది పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బ మీద ఉన్న కుప్పం, అంటే జాలర్ల పల్లె. మొన్నటిదాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. మేము కదల్లేదు, కాగితం కదిలింది. ఇక్కడ సముద్రాన్ని రెండు విధాలుగా మూస్తారు. ఒకటి సర్కారు మూసేది. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇంజిను ఉన్న పడవ ఏదీ నీళ్లలో దిగకూడదు. రెండోది మేము మూసేది. ఊళ్లో ఎవరు చనిపోయినా, శవాన్ని మట్టిలో పెట్టేదాకా ఒక్క వల కూడా తడవకూడదు. పడవలు అప్పటికే లోపల ఉంటే దిబ్బ మీద గడకు తెల్లగుడ్డ కడతారు. అది చూసినవాళ్లు వల లాక్కుని వెనక్కి రావాలి. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి, అయినా గుడ్డ కడతారు. సర్కారు మూత మొన్నమొన్నటిది. మా మూత ఎప్పటిదో చెప్పగలిగినవాడు లేడు. ఈ రెండింటినీ గట్టిగా పట్టుకున్నవాడు మా అన్న. ఆయన మా పెద్దకాపు. కుప్పం పెద్దను మేము అలా పిలుస్తాం.

ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. ఒక ఏడు రొయ్య బాగా పడుతున్న రోజుల్లో, మతి సరిగా లేని ముసలామె ఒకతె నగరి వైపు నుంచి బస్సులు మారి మారి వచ్చి, మా ఒడ్డున పడుకుని, లేవలేదు. ఎవరిదో, ఏ ఊరో తెలియదు. అన్న గుడ్డ కట్టించాడు. రొయ్యల కోసం ఐసు దింపుకుని కూర్చున్నవాళ్లు ఆయన మీదికి వచ్చారు.

"ఆమె మన ఊరిది కాదు గదన్నా. పోలీసోళ్లకు సెప్పి, మనం పోదాం."

"మన ఇసకలో పండుకొని సచ్చింది. ఇంక యా ఊరిదప్పా?" అన్నాడు అన్న.

ఆ రోజు పడవ కదల్లేదు. ఆమెను పాతిపెట్టడానికి ఊరంతా వచ్చింది. ఆమె నోట్లో బియ్యం పోసింది నేనే అని రాద్దామనుకున్నాను. పోసింది మా వదిన. నేను దూరంగా నిలబడి, పోయిన రొయ్యల గురించి ఆలోచిస్తున్నాను.

సర్కారు నిషేధం వచ్చిన కొత్తలో మా అందరికీ ఒళ్లు మండేది. రెండు నెలలు ఏం తినాలి? సర్కారు ఇచ్చే భృతి చేతికి వచ్చేసరికి నిషేధం కాలం దాటిపోతుంది. మొదట్లో అన్న కూడా తిట్టినవాడే. తర్వాత మారాడు, అదీ ఏ ఆఫీసరు మీటింగు వల్లనో కాదు. ఊళ్లో చావు జరిగి వేట ఆగిన మరుసటి రోజు వలలు కొంచెం బరువుగా వచ్చేవి. అందరం చూసేవాళ్లం. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. చావు వల్ల లాభం కలిగిందని ఎవరంటారు? అన్న అన్నాడు. "ఒక్క దినం మూస్తేనే ఇట్లుంటే, రెండు నెల్లు మూస్తే ఎట్లుంటాదో సూడండప్పా" అన్నాడు. కొందరు అసహ్యపడ్డారు. కానీ ఆ మాట ఊళ్లో నిలిచిపోయింది.

ఊరికే మాట చెబితే ఆగరని ఒక పద్ధతి పెట్టాడు. నిషేధం మొదలైన రోజున ప్రతి పడవవాడూ తన ఇంజిను కింద నీళ్లలో తిరిగే రెక్కల చక్రాన్ని విప్పి తెచ్చి ఆయనకు ఇవ్వాలి. దాన్ని మేము ఫ్యాను అంటాం. ఫ్యాను లేకపోతే ఇంజిను అరుస్తుంది గానీ పడవ కదలదు. అన్నిటినీ తాడుకు గుచ్చి గంగమ్మ గుడిలో కట్టేవాడు. తెరిచే పొద్దున పూజ అయ్యాక, ఒక్కొక్కడినీ పిలిచి చేతికి ఇచ్చేవాడు. రెండు చేతులతో పుచ్చుకోవాలి. ఈ ఆలోచన నాదేనని ఒక ఆఫీసరుకు చెప్పి శాలువా కప్పించుకున్నాను. శాలువా నిజం, ఇంకా పెట్టెలో ఉంది. ఆలోచన మాత్రం అన్నది.

ఫలితం వచ్చిందా అంటే వచ్చింది. వంజరం చేపలు మనిషంత పొడుగువి పడేవని నేను అంటుంటాను. చెయ్యంత పొడుగువి పడేవి, అది మాత్రం ఖాయం. అయితే ఆ చేప ఎవరికి అన్నది వేరే సంగతి. నిషేధం పెద్ద మరపడవలకూ అదే రోజున ఎత్తేస్తారు. ఉత్తరం రేవుల నుంచి, చెన్నై వైపు నుంచి అవి బయలుదేరి మా నీళ్లకు చేరేసరికి పొద్దు వాలుతుంది. చేరాయంటే అడుగు దాకా దువ్వేస్తాయి. ఆ తర్వాత మా చిన్న వలలకు మిగిలేది బురద. రెండు నెలలు కడుపు మాడ్చుకుని మేము పెంచిన చేప, తెరిచిన రోజు ఒక్క పగలు మాత్రమే మాది. ఆ ఒక్క పగలు పడినదానితోనే కుప్పంలో ప్రతి ఇల్లూ మళ్లీ తెప్పరిల్లేది.

ఆ ఏడు నిషేధం పెట్టేనాటికే అన్న మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. పగలూ రాత్రీ దగ్గు. సునామీ తర్వాత కట్టించిన ఇళ్లు మావి. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఆయన దగ్గితే నాలుగిళ్ల అవతలికి వినిపించేది. జనం ఆ దగ్గుకు అలవాటుపడిపోయారు. కాసేపు వినిపించకపోతే పక్కింటామె గోడ అవతలి నుంచి "పెద్దాయన ఎట్లుండాడు?" అని కేకేసేది.

నేను రోజూ పోయి మంచం పక్కన కూర్చునేవాణ్ణి.

"తెరిచే పొద్దు ఫ్యాన్లు నేనే ఇస్తా" అనేవాడు.

"ఇస్తువులే. నువ్వు ఫ్యాను పట్టుకుంటే నిన్ను పట్టుకునేదానికి నలుగురు కావల్ల."

"నువ్వొకడివి సాలు. పనీపాటా లేదు గదా నీకు."

"నాకెందుకు లేదు? నీ మాదిరి ఊరికే పండుకోనుండానా?"

నవ్వబోయి దగ్గేవాడు. నవ్వించడం మానేశాను. చివరి వారంలో మాట కూడా సరిగా వచ్చేది కాదు. తాను లేవలేకపోతే ఫ్యాన్లు వదిన చేత ఇప్పించమని చిన్నకాపుకు సైగ చేశాడు. చిన్నకాపు అంటే అన్న తర్వాతి పెద్ద, మా ఇద్దరికంటే వయసులో చిన్నవాడు, మాట తక్కువ మనిషి.

తెరిచే పొద్దు తెల్లారగానే నేను టీ చెంబుతో అన్న ఇంటికి పోయాను. ఒడ్డున అప్పటికే సందడి. వలలు పడవల్లోకి ఎక్కిస్తున్నారు. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఐసు వ్యాన్లు దిబ్బ వెనక వరసగా నిలబడి ఉన్నాయి. వదిన గడపలో కూర్చుని కాళ్లకు పసుపు రాసుకుంటోంది. తలలో పూలు. పెళ్లిళ్లకు తీసే ఆకుపచ్చ చీర.

"యాడికప్పా లోపలికి?"

"ఆయన్ని లేపేదానికి. ఈ పొద్దు కూడా పండుకుంటే ఎట్ల?"

"లేవడు."

ఆమె తల ఎత్తలేదు. రెండో కాలికి పసుపు రాస్తోంది. నాకు అర్థం కాలేదు. "టీ వాసన తగిలితే లేస్తాడులే" అని లోపలికి పోయాను.

అన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పాదం పట్టుకుని కదిపాను. ఐసులో పెట్టిన చేపల్ని పొద్దంతా పట్టుకున్న చేతులు నావి. చలి నాకు కొత్త కాదు. అయినా ఆ పాదం వదిలేసి నా చెయ్యి పంచెకు తుడుచుకున్నాను. ఎందుకు తుడుచుకున్నానో ఇప్పటికీ తెలియదు.

వదిన వచ్చి నా వెనక నిలబడింది.

"తెల్లారకముందే పోయినాడు" అంది.

"గుడ్డ కట్టల్ల వదినా."

"కట్టద్దు."

నేను ఆమె వంక చూశాను. కళ్లు పొడిగా ఉన్నాయి. నుదుట కుంకుమ రూపాయి బిళ్లంత ఉంది.

"ఆయన పెద్దకాపు వదినా. యాడనుంచో వచ్చిన ముసిల్దానికే మూసినాడు. ఆయనకి మూయకుంటే ఎట్ల?"

"బతికినన్నాళ్లూ మూసినాడు" అంది ఆమె, గొంతు పెంచకుండా. "పెండ్లయినకాడి నుంచి సూస్తానే ఉండా. వాళ్లు పోయినారని మూసినాడు, వీళ్లు పోయినారని మూసినాడు, సేపలు గుడ్లు పెడతాయని మూసినాడు. సచ్చి కూడా మూయాల్నా? ఊరంతా రెండు నెల్లుగా గంజి తాగతా ఉండాది. ఈ పగలు పోతే పెద్ద పడవలొస్తాయి. మన ఇంటి మూలాన ఊరి నోట్లో మన్ను పడాల్నా?"

"తెలిస్తే?"

"తెలుస్తాది. పడవలు కనపడకుండా పోయినాక నేనే ఏడస్తా. గుడ్డ సూసి తిరిగొచ్చేలోగా ఒక్క వల అన్నా పడుంటాది. అంతదాకా ఆయన బతికే ఉండాడు." కాస్త ఆగింది. "నీ నోరు సంగతి నాకు తెలుసు. నీకు సెప్పకూడదనే అనుకుంటి. కానీ నీతో పని పడినాది. నువ్వు దగ్గల్ల."

"ఏంది?"

"దగ్గు వినపడకుంటే పక్కింటామె వచ్చేస్తాది. అందరి మాదిరి మాట్లాడి నవ్విస్తావు గదా. ఈ పొద్దు మీ అన్న మాదిరి దగ్గు."

కాదని అనవచ్చు. బయటికి వచ్చి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నా కడుపులో కూడా ముందురోజు గంజి తప్ప ఏమీ లేదు. అన్న కొడుకులిద్దరూ ఒడ్డున పడవకు రంగుగుడ్డలు కడుతున్నారు. ఈసారి వేట బాగాలేకపోతే శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతానని చిన్నవాడు ముందే చెప్పి ఉన్నాడు. ఇవన్నీ ఆలోచించి ఒప్పుకున్నానని చెబితే బాగుంటుంది. ఏమీ ఆలోచించలేదు. ఆమె చెప్పింది, నేను మంచం పక్కన కూర్చున్నాను, దగ్గాను.

డాక్టరు వచ్చి విన్నా అన్న దగ్గే అనుకునేవాడు, అంత బాగా దగ్గానని తర్వాత ఎవరితోనో అన్నాను. అదేమీ లేదు. రెండోసారికే గోడ అవతలి నుంచి పక్కింటామె అడిగింది.

"ఏందక్కా, ఈ పొద్దు పెద్దాయన దగ్గు పొడిగా ఉండాది?"

"మందు మార్సినారు" అంది వదిన, పసుపు గిన్నె మూత పెడుతూ.

ఆమె హారతి పళ్లెం తీసుకుని ఒడ్డుకు పోయింది. నేను తలుపు దగ్గరికి వేసి లోపలే ఉండిపోయాను. కిటికీ సముద్రం వైపు ఉంది. అన్నను అటు తిప్పుదామని భుజం పట్టుకున్నాను. మనిషి మొత్తం ఒక్క చెక్కలా కదిలాడు. భయమేసి వదిలేశాను.

ఒడ్డున వంద పడవలు బారులు తీరి ఉన్నాయి. వంద కాదు, ముప్పై ఉంటాయేమో. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టారు. వదిన హారతి ఇచ్చింది. అప్పటికే మొగుడు పోయిన మనిషి, చేతుల నిండా గాజులతో, సముద్రానికి హారతి ఇచ్చింది. చిన్నకాపు తాడు విప్పి ఫ్యాన్లు ఒక్కొక్కటే అందిస్తుంటే ఆమె పసుపు బొట్టు పెట్టి పడవవాళ్ల చేతుల్లో పెడుతోంది. ప్రతివాడూ వంగి పుచ్చుకుంటున్నాడు. ప్రతివాడూ ఏదో అడుగుతున్నాడు, ఆమె ఏదో చెబుతోంది. ఏమడిగారో తర్వాత తెలిసింది. "పెద్దాయన ఎట్లుండాడు పెద్దమ్మా?" అని అడిగారట. "దగ్గతా ఉండాడు" అని చెప్పిందట. అంత దూరం నుంచి నా దగ్గు ఎవరికీ వినపడదు. అయినా ఆమె పెదవి కదిలినప్పుడల్లా నేను దగ్గుతూనే ఉన్నాను.

పెద్దకొడుకు వంతు వచ్చింది. వాడు రెండు చేతులూ చాపాడు. ఆమె ఫ్యాను వాడి చేతుల్లో పెట్టింది గానీ తన చెయ్యి తియ్యలేదు. వాడు నవ్వుతూ లాక్కున్నాడు.

పడవలు పోయాయి. ఇంజిన్ల మోత దూరమైపోయి, ఇక వినపడుతోందో లేదో అనిపించేదాకా ఆమె ఒడ్డునే నిలబడింది. తర్వాత వచ్చి చెంబెడు నీళ్లు తాగింది.

"ఇంక దగ్గద్దప్పా" అంది.

ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపును పెంచి చెప్పే శక్తి నాకు లేదు, తగ్గించి చెప్పే శక్తీ లేదు.

ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. పెద్దకాపు మంచంలో ఉన్నాడు కాబట్టి చిన్నకాపు ఆ పొద్దు వేటకు పోకుండా ఊళ్లోనే ఆగి, తన పడవను కొడుకుతో పంపాడు. ఆయన లోపలికి వచ్చి, "ఎప్పుడు పోయినాడు?" అని అడిగాడు.

"ఇప్పుడే" అంది వదిన.

అన్న చెయ్యి తీసుకుని ఛాతీ మీద పెట్టబోయాడు చిన్నకాపు. చెయ్యి వంగలేదు. రెండో చెయ్యీ వంగలేదు. ఆడవాళ్ల ఏడుపు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆయన వదిన నుదుటి వంక చూశాడు, ఇసుక అంటిన పసుపు పాదాల వంక చూశాడు, ఆ తర్వాత నా వంక. బయటికి పోయి తెల్లగుడ్డ తానే కట్టాడు. ఫోన్లు కూడా చేయించాడు.

మధ్యాహ్నానికి పడవలు తిరిగి వచ్చాయి. కొందరు వల వేసీ వెయ్యగానే ఫోను అందుకున్నారు. చాలామంది అప్పటికే లాగేశారు. అలాంటి వేటను నేను చాలా ఏళ్లుగా చూడలేదు. ఇందులో ఒక్క చేప కూడా నేను ఎక్కువ చెప్పడం లేదు. వంజరాలు, చందువలు, నడుమ నడుమ రొయ్య. పడవ అంచులు నీటికి దగ్గరగా దిగాయి. అందరికంటే ఎక్కువ పడింది చిన్నకాపు పడవకే. గంపలు పట్టుకుని రావలసిన ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. వ్యాన్ల డ్రైవర్లు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చున్నారు.

శవం ఇంట్లో ఉండగానే పంచాయితీ కూర్చుంది. వదిన గడపలో, మగవాళ్లంతా ఎదురుగా ఇసుకలో. పెద్దకొడుకు తడి లుంగీతోనే వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"నా సేతికి నువ్వే ఇచ్చినావు గదమ్మా" అన్నాడు. "మా నాయన ఈడ సల్లబడి ఉండంగా, నవ్వతా తీసుకున్యా నేను."



ఒడ్డున ఉన్న చేపను ఏం చెయ్యాలన్నది మాట. కుర్రవాళ్లు ఒకటే అన్నారు. "మాకు తెలీదు. తెలీక తడిపిన వల తప్పు కాదు. అమ్మేద్దాం, ఎండ తగిలితే పాడవతాది." కొందరు ముసలివాళ్లు అడ్డం తిరిగారు. "మనకు తెలీదు. ఆ ఇంటికి తెలుసు గదా."

అప్పుడు నేను లేచాను. జీవితమంతా ఊరికే కబుర్లు చెప్పాను గదా, ఈ ఒక్కసారి ఒక కబురుతో పనుంది అనుకున్నాను.

"అన్న పోయేముందు నా సెయ్యి పట్టుకొన్నాడప్పా" అన్నాను. "నేను పోతే మూయద్దు, పడవలు పంపండి, ఊరు ఆకలితో ఉండాది అన్నాడు. గంగమ్మ కలలోకొచ్చి సెప్పినాదని కూడా అన్నాడు. ఆయన మాట ప్రకారమే వదిన పంపింది."

గంగమ్మ కట్టుకున్న చీర రంగు కూడా చెప్పాను. ఊళ్లో నా మాట నమ్మేవాడు ఎవడూ లేడని నాకు తెలుసు. కానీ ఆ పూట వాళ్ల మొహాలు చూశాను. నమ్మాలని ఉంది వాళ్లకు. చిన్నకాపుకు కూడా. ఇంకొక్క క్షణం ఎవరూ మాట్లాడకపోతే ఒప్పేసుకునేవాళ్లు.

"అబద్దం" అంది వదిన గడపలో నుంచి. "ఆయన అట్ల అనలేదు. మాట వచ్చింటే మూయమనే అనుంటాడు. పంపింది నేను. మరిది సేత దగ్గించింది కూడా నేనే."

నేను కూర్చున్నాను. "దగ్గింది నువ్వా సిన్నాయనా?" అన్నాడు చిన్నకొడుకు. వేరే రోజైతే ఊరంతా నవ్వి ఉండేది.

చిన్నకాపు చాలాసేపు ఇసుక గీసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఇంట్లోనూ ఆ పొద్దు పొయ్యి వెలగలేదు. చివరికి తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆమె మన కోసరమే సేసినాది. ఆ మాట కాదనేవాడు ఈడ లేడు. కానీ ఆయన కట్టిన కట్టు, ఆయన శవం ఇంట్లో ఉండంగానే మనం తెంచి తింటే, వచ్చే ఏడాది వేట ఆపండని నేను యా మొగం పెట్టుకొని అడిగేది? ఎవుడింట్లోనో సావు వస్తే, పోయినసారి ఎట్ల జరిగిందో మాకు తెలీదా అంటాడు గదా? ఆ సేప ఎవురూ తినద్దు, ఎవురూ అమ్మద్దు. పూడ్సేయండి."

ఎవరైనా ఎదురు చెబుతారేమోనని నేను ఎదురుచూశాను.

సరుగుడు తోపు అవతల గొయ్యి తవ్వారు. అన్నకు ఒక గొయ్యి, చేపకు ఒక గొయ్యి, రెండూ ఆ కుర్రవాళ్లే తవ్వారు. చేపల గొయ్యి పెద్దది. రెండు నెలలు ఆకలితో ఉన్న ఆడవాళ్లు దూరం నుంచి చూస్తుండగా, మగవాళ్లు గంపలకొద్దీ తెచ్చి కుమ్మరించారు. కొన్ని రొయ్యలు ఇంకా ఎగురుతున్నాయి. చిన్నకాపు తన పడవలోని చేపను మొదట పోశాడు. ఐసు వ్యాన్లు కారిపోతున్న నీళ్లతో వెనక్కి తిరిగాయి. అందరూ సముద్రంలో దిగి చేతులు కడుక్కుని, అప్పుడు పాడె ఎత్తారు.

కొన్ని వందల ఊళ్ల నుంచి జనం వచ్చారని నేను చెప్పుకుంటాను. పక్క కుప్పాల వాళ్లు వచ్చారు, వాళ్లూ ఆలస్యంగానే. వాళ్ల వేట వాళ్లది, వాళ్ల ఊళ్లో చావు లేదు. పొద్దు వాలుతుండగా అన్నను దించాము. తలెత్తి చూస్తే సముద్రం అంచున పెద్ద పడవలు. అవి అప్పటికే వలలు దించేశాయి. మన్ను వేస్తున్నవాళ్లు ఒక్కొక్కరే అటు చూసి, మళ్లీ గోతి వైపు తిరిగారు.

పంచాయితీ వదినకు జరిమానా వెయ్యలేదు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. కానీ పెద్దకొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటాడు, అంతే. చిన్నవాడు కర్మాంతరాలు అయిన వారానికే శ్రీ సిటీ బస్సు ఎక్కాడు. కుక్కలు చేపల గొయ్యిని తవ్వి తవ్వి పోశాయి. ఆ వాసన మా వీధి దాకా వచ్చేది. మైల ఇంట్లో కూర్చున్న మనిషి ఆ వాసనలోనే కూర్చుంది. వదినను నేను ఓదార్చానని చెప్పుకోవచ్చు. పక్కన కూర్చున్నాను, అంతే. ఏం చెప్పినా నా గొంతు నాకే దగ్గులాగా వినిపించేది.

అన్నను పూడ్చిన మరుసటి రోజే, మా కట్టుబాటు ప్రకారం, సముద్రం మళ్లీ తెరిచారు. పడవలన్నీ పోయాయి. నేను ఒడ్డున కూర్చుని అవి తిరిగి వచ్చేదాకా ఉన్నాను. వలలు విదిలించారు. ఆ తర్వాత వదిన దగ్గరికి పోయాను. బొట్టు లేని మొహం, చీకటి మూల. ఆమె గడప దాటి బయటికి రాకూడదు. సముద్రం వైపు కిటికీ మూసేశారు. ఒడ్డు ఆమెకు కనపడదు.

"పడినాయా అప్పా?" అని అడిగింది.

"పడినాయి."

"ఏం పడినాయి?"

"పీతలు. నెత్తళ్లు కూడా."

"ఎన్ని?"

"గంపెడు గంపెడు వచ్చినాయి వదినా, పడవకు" అన్నాను.

ఆమె తల ఊపింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

పడవలన్నిటివీ కలిపి ఒక్క గంపలో పోస్తే, అడుగు కూడా కప్పలేదు.